చిర్ప్‌స్టాక్ 4: సెన్సార్ల కీలను ఎంతవరకు నమ్మి అప్పగించవచ్చు?

లోరావాన్ (తక్కువ కరెంటుతో చాలా దూరం డేటా పంపే రేడియో పద్ధతి) సెన్సార్లకు సొంత సర్వర్ పెట్టుకోవాలనుకునే వాళ్లు మొదట దించుకునేది చిర్ప్‌స్టాక్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌నే. ఎంఐటీ లైసెన్స్, పైసా ఖర్చు లేదు. నాలుగో వెర్షన్ రస్ట్ భాషలో రాసింది. పోస్ట్‌గ్రెస్, రెడిస్ డేటాబేస్‌లు, మెసేజీలను అటూ ఇటూ అందించే ఒక ఎంక్యూటీటీ బ్రోకర్ ఉంటే చాలు. మన 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండుకు ఐఎన్865 సెట్టింగులు దాంతోపాటే వస్తాయి. గ్రాఫులు, మ్యాపుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడ కీల సంగతే చూద్దాం.

ఓటీఏఏ అంటే నోడ్ (సెన్సార్ పరికరం) గాల్లోంచే సర్వర్‌లో చేరే పద్ధతి; ఇందులో నోడ్‌లో ఆప్‌కీ అనే 128 బిట్ల మూల కీ ఉంటుంది. అది గాల్లోకి ఎప్పుడూ వెళ్లదు. చేర్చుకోమని అడిగే జాయిన్ రిక్వెస్ట్‌లో డెవ్‌నాన్స్ అనే, ఒక్కసారే వాడాల్సిన రెండు బైట్ల సంఖ్య వెళ్తుంది, సర్వర్ తన నాన్స్ పంపుతుంది, వాటి నుంచి, ఆప్‌కీతో రెండు వైపులా సెషన్ కీలు తయారవుతాయి. ఈ భాగంలో చిర్ప్‌స్టాక్‌కు వంక పెట్టడానికేమీ లేదు.

తికమకంతా కీ ఎక్కించే దగ్గరే. వెబ్ పేజీలో అయితే ఆప్‌కీ గడి సరిగ్గానే కనిపిస్తుంది. వంద నోడ్లను స్క్రిప్ట్‌తో ఎక్కిద్దామని జీఆర్‌పీసీ ఏపీఐ (ప్రోగ్రాములు సర్వర్‌తో మాట్లాడే దారి) పట్టుకుంటే మాత్రం, లోరావాన్ 1.0 తరగతి నోడ్ల ఆప్‌కీని నెట్‌వర్క్ కీ అనే ఫీల్డులో పెట్టాలి. పేరు చూసి ఆప్‌కీ ఫీల్డులో పెడితే జాయిన్ ఒక్కటీ అవదు. డాక్యుమెంటేషన్‌లో ఈ ముక్క ఉంది గానీ అక్కడిదాకా చదివేదెవరు! ఇంకోటి బైట్ల వరుస. నోడ్‌లోని ప్రోగ్రాం (ఫర్మ్‌వేర్) రాయడానికి వాడే ఎల్‌మిక్ లైబ్రరీకి నోడ్ గుర్తింపు సంఖ్య డెవ్‌ఈయూఐని తిరగేసి ఇవ్వాలి, ఆప్‌కీ మాత్రం ఉన్నదున్నట్టు ఇవ్వాలి. గడి పక్కనే వరుస మార్చే బటన్ ఉండటం బాగుంది.

అసలు పరీక్ష బ్యాటరీ మార్చిన రోజున. లోరావాన్ 1.0.4 ప్రమాణం ప్రకారం డెవ్‌నాన్స్ సున్నా నుంచి ఒక్కొక్కటే పెరగాలి, కరెంటు పోయినా గుర్తుండాలి. ఫర్మ్‌వేర్ దాన్ని ఫ్లాష్‌లో రాయకుండా ర్యామ్‌లో ఉంచుకుంటే, బ్యాటరీ తీసి పెట్టగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. వాడేసిన నాన్స్ కాబట్టి సర్వర్ తిప్పికొడుతుంది. నోడ్ అడుగుతూనే ఉంటుంది, కొత్త బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. పాత 1.0.3 నోడ్లలో నాన్స్ యాదృచ్ఛికం, మొత్తం ఉన్నవి 65,536. గంటకోసారి రీజాయిన్ చేసేలా రాసిన నోడ్ ఏడాదికి 8,760 సార్లు అడుగుతుంది. ఏడాది చివరికి సుమారు ఎనిమిదింట ఒక రిక్వెస్ట్ వాడేసిన నాన్స్‌తో తగులుతుంది. సిగ్నల్ బాలేదని యాంటెన్నా మార్చుకుంటూ కూర్చోకుండా ముందు ఈవెంట్ లాగ్ తెరవండి, కారణం అక్కడే ఉంటుంది.

దీనికి ఓటీఏఏ కీల ట్యాబ్‌లో నాన్స్‌ల చిట్టా తుడిచేసే బటన్ ఇచ్చారు. ఒక నోడ్‌ను బతికించడానికి పనికొస్తుంది. రోజూ నొక్కేదైతే కాదు. చిట్టా తుడిస్తే, ఎవరైనా రికార్డు చేసి పెట్టుకున్న పాత జాయిన్ మళ్లీ చెల్లుతుంది. సర్వర్ కొత్త సెషన్ తెరుస్తుంది, అసలు నోడ్ పాత కీలతో పంపేవి చెల్లకుండా పోతాయి. సరైన మందు ఫర్మ్‌వేర్‌లో ఉంది: రిక్వెస్ట్ పంపక ముందే నాన్స్‌ను ఫ్లాష్‌లో రాయాలి.

జాయిన్ లేకుండా సెషన్ కీలను ముందే పెట్టేసే ఏబీపీ నోడ్లకు ఫ్రేమ్ కౌంటర్ (ప్యాకెట్ల వరుస సంఖ్య) తనిఖీ ఆపేసే టిక్ ఉంది. అది పెట్టకండి. కౌంటర్ మళ్లీ సున్నాకి వస్తే అదే కీ, అదే కౌంటర్, అంటే డేటాను దాచడానికి దానితో కలిపే బిట్ల వరుస (కీస్ట్రీమ్) కూడా అదే. రెండు ప్యాకెట్లను ఎక్సార్ చేస్తే (బిట్టుకు బిట్టు పోల్చి కలిపితే) ఎన్‌క్రిప్షన్ రద్దయి రెండు రీడింగుల ఎక్సార్ మిగులుతుంది. ఒక ఉష్ణోగ్రత తెలిస్తే రెండోది తెలిసినట్టే.

ఇక నాకు నచ్చనిది: మూల కీలు డేటాబేస్‌లో ఎన్‌క్రిప్షన్ లేకుండానే ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ డంప్ ఫైలు ఎవరి చేతికి చిక్కితే నోడ్లన్నీ వాళ్లవే. బ్యాకప్‌ను జీపీజీతో, డిస్క్‌ను లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేయడం మన పనే. అంతకన్నా ముందు, కాన్ఫిగ్ ఫైలులో ఏపీఐ సీక్రెట్ దగ్గర ‘దీన్ని మార్చి తీరాలి’ అనే అర్థమొచ్చే ఇంగ్లిష్ వాక్యమే విలువగా ఉంటుంది. అలాగే వదిలేస్తే ఎవరైనా అడ్మిన్ టోకెన్ తయారు చేసుకుని కీలు చదివేయగలరు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో 32 యాదృచ్ఛిక బైట్లు తీసి పెట్టండి. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అడ్మినే, అదీ మార్చాలి. డాకర్ ప్యాకేజీలోని ఎంక్యూటీటీ బ్రోకర్ మస్కీటో, పాస్‌వర్డ్ అడగకుండానే ఎవరినైనా రానిస్తుంది. అక్కడ సెన్సార్ డేటా విప్పేసే ఉంటుంది కాబట్టి 1883 పోర్టును బయటికి తెరవకూడదు.

ఒక ఊరి నీటి ట్యాంకులకో, కాలేజీ క్యాంపస్‌కో, ప్రతి నోడ్‌కూ వేరే కీ ఇచ్చే ఓపిక ఉంటే నిస్సందేహంగా పెట్టుకోవచ్చు. కరెంటు మీటర్ల లాంటి వాటికి మూల కీలను దీనిలో ఉంచొద్దు. మూల కీలను తన దగ్గరే ఉంచుకునే బయటి జాయిన్ సర్వర్‌కు కలిపే వీలుంది, అక్కడి నుంచి వచ్చే సెషన్ కీలను ఎన్‌క్రిప్ట్ చేసే కీ (కేఈకే) కూడా కాన్ఫిగ్‌లో పెట్టుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: 1.0 నోడ్‌లో మూల కీని గాల్లోంచి మార్చే పద్ధతి ప్రమాణంలోనే లేదు. కీ బయటపడిందంటే ఆ ట్యాంకు నిచ్చెన ఎక్కాల్సిందే.