టోక్యోలో తొలి ఇల్లు: షేర్ హౌసా, ప్రైవేటు అపార్టుమెంటా, యూఆరా?

మొన్న రాత్రి హైదరాబాదు నుంచి పాత ఆఫీసు కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, వీసా వచ్చేసింది. వచ్చే నెలే టోక్యో. ఒక ఏజెంటు 90 వేల యెన్లకి ఇల్లు చూపిస్తున్నాడు. యూఆర్ అని ప్రభుత్వ అద్దె ఇళ్ల సంస్థ ఉందట, వాళ్లదయితే లక్షా పది వేలు అంటున్నారు. 90 వేలది ఖాయం చేసేయనా?"

"ఆగరా బాబూ" అన్నాను. ఎందుకంటే నాలుగేళ్ల కిందట నేనూ ఇలాగే అద్దె పక్కన అద్దె పెట్టి లెక్కేసుకున్నాను. జపాన్‌లో అద్దె అంకె చూసి ఇల్లు ఎంచుకోవడమంటే, పెళ్లి ఖర్చెంత అని అడిగితే ప్లేటు భోజనం ధర చెప్పినట్టే. వాడికి ఫోన్‌లో సగం చెప్పాను, మిగతాది ఇక్కడ రాస్తున్నాను. మూడు రకాల ఇళ్లలోనూ ఉన్నాను కాబట్టి ఎవరి తరఫునా మాట్లాడాల్సిన పని లేదు.

షేర్ హౌస్ సంగతి ముందు తేల్చేస్తాను, చెప్పాల్సింది తక్కువ. విమానం దిగగానే రెసిడెన్స్ కార్డు చేతికిస్తారు, దాని మీద అడ్రసు మాత్రం ఖాళీ. ఎక్కడైనా దిగిన 14 రోజుల్లో వార్డు ఆఫీసుకెళ్లి ఆ అడ్రసు రాయించుకోవాలి. అడ్రసు లేకపోతే సరైన సిమ్ దొరకదు, జపాన్ నంబరు లేకపోతే బ్యాంకు ఖాతా తెరవరు, ఖాతా లేకపోతే జీతం ఎక్కడ వేస్తారు? ఈ ముడి విప్పుకోవడానికి షేర్ హౌస్‌ని మించింది లేదు. నాకు మంచం, కరెంటు, నెట్ అన్నీ కలిపి నెలకి 68 వేలయింది. సూట్‌కేసుతో వెళ్లి సూట్‌కేసుతో బయటికొచ్చేయొచ్చు. బాధల్లా వంటింటిది. పదకొండు మందికి ఒక ఫ్రిజ్, అందులో నాకొక అర. ఒకసారి ఇంగువ పోపు వేశాను. మర్నాడు పొద్దున కిటికీలు వీలైనంత సేపు తెరిచి ఉంచమని అందరికీ కలిపి గోడ మీద నోటీసు. పేరు రాయలేదు కానీ ఎవరికో అందరికీ తెలుసు. రెండు నెలలు చాలు, అంతకు మించి ఉంటే మనిషి బ్రెడ్డుకి అలవాటు పడిపోతాడు.

ఇక అసలు పోటీ ప్రైవేటు ఇంటికీ యూఆర్‌కీ మధ్య.

ప్రైవేటు ఇల్లంటే స్టేషన్ దగ్గర అద్దాల మీద ఇళ్ల కాగితాలు అతికించుకుని కూర్చునే ఏజెంటు దగ్గరికి వెళ్లాలి. మా ఏజెంటు నా కళ్లముందే ఒక్కో ఓనరు తరఫు వాళ్లకి ఫోన్ చేసేవాడు. ఫోన్‌లోనే వంగి వంగి దణ్ణాలు. నా ఉద్యోగం, జీతం, వయసు అన్నీ గడగడా చెప్పుకుపోయి, చివర్లో గొంతు కాస్త తగ్గించి "ఇందో నో కాతా" అనేవాడు, అంటే ఇండియా ఆయన అని. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత ఇతని ముఖం చూస్తే నాకు జపనీస్ రాకపోయినా అర్థమైపోయేది. ఏడు ఇళ్లలో నాలుగు అలా ఫోన్ మీదే పోయాయి. ఇది నా ఒక్కడి గోడు కాదు. 2017లో జపాన్ న్యాయ శాఖ బయటపెట్టిన సర్వేలో, అంతకు ముందు అయిదేళ్లలో ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో 39.3 శాతం మంది విదేశీయులైనందుకే తమకు ఇల్లు ఇవ్వలేదని చెప్పారు.

అయిదో ఇల్లు దొరికింది. 6 జోల గది, అంటే ఆరు తతామి చాపలు పట్టేంత, ఒక గోడకి ఆనుకుని వంటిల్లు. మొత్తం 22 చదరపు మీటర్లు. స్టేషన్‌కి నాలుగు నిమిషాలు, కొత్త భవనం. అద్దె 90 వేలు. తాళాలు ఇచ్చే ముందు ఒక కాగితం ఇచ్చారు. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

షికికిన్, అంటే అడ్వాన్సు, ఒక నెల. ఇది ఎంతో కొంత తిరిగొస్తుంది. రెయికిన్ ఇంకో నెల. ఇది ఓనరుకి "కృతజ్ఞతగా" ఇచ్చే డబ్బు, తిరిగి రాదు. ఇల్లు ఇచ్చినందుకు దక్షిణ అనుకోండి. ఏజెంటు ఫీజు నెల అద్దె, దాని మీద 10 శాతం పన్ను. జామీను ఉండే చుట్టాలు ఇక్కడ మనకెవరూ లేరు కాబట్టి గ్యారంటీ కంపెనీకి సగం నెల. అగ్ని బీమా రెండేళ్లకి 20 వేలు. తాళం మార్చినందుకు 16,500. మొదటి నెల అద్దె సరేసరి. మొత్తం 4,50,500 యెన్లు. నా దగ్గర ఉన్నది మూడున్నర లక్షలు. మిగతాది మా బావ పంపాడు.

ఇందులో అడ్వాన్సు, మొదటి నెల అద్దె తీసేస్తే ఊరికే పోయేది 2,70,500. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాలి.

ఆ ఇంట్లోకి వెళ్లాక తెలిసింది, పొయ్యి గ్యాసు కాదు, ఒకే ఒక్క ఐహెచ్, అంటే ఇండక్షన్, బర్నరు. మా అమ్మ ఇచ్చిన అల్యూమినియం కుక్కర్ దాని మీద పెడితే బర్నరు మూడుసార్లు కీచుమని ఆరిపోయింది. మామూలు ఐహెచ్ మీద అల్యూమినియం వేడెక్కదు. అడుగున ఇనుము గుణం ఉన్న స్టీలే కావాలి. సరే, పచ్చడైనా చేసుకుందామని మిక్సీ తీశాను. జపాన్ కరెంటు 100 వోల్టులు, మన మిక్సీ 230 వోల్టులది. అడాప్టర్ తగిలించి స్విచ్ వేస్తే దోమలా జుమ్మని, బ్లేడు తిరగాలా వద్దా అన్నట్టు తిరిగింది. కొబ్బరి ముక్క మీద గీత పడలేదు. దాన్ని తిప్పాలంటే ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొనాలి. కొన్నాను. అది మిక్సీ కంటే బరువు.

గోడలు పలచన. పక్కింటాయన తుమ్మితే వినపడేది. అలాంటప్పుడు రాత్రి తొమ్మిదికి మిక్సీ వేసే ధైర్యం ఎవరికుంటుంది? శనివారం మధ్యాహ్నాలు వారానికి సరిపడా అల్లం వెల్లుల్లి ఒకేసారి నూరి పెట్టుకునేవాణ్ని.

ఖాళీ చేసేటప్పుడు ఇంకో పాఠం. 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న సివిల్ కోడ్ ప్రకారం మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకి అద్దెకున్నవాడు డబ్బు కట్టనక్కర్లేదు. కానీ పోపు చిట్లి గోడ కాగితం మీద పడ్డ పసుపు మరకలు "మామూలు వాడకం" కిందికి రావట. అడ్వాన్సులో సగం అక్కడే పోయింది. పొయ్యి వెనక గోడకి అల్యూమినియం రేకు అడ్డం పెట్టుకోమని, వంద యెన్ల షాపులో దొరుకుతుందని, ఆ తర్వాత ఒక అక్క చెప్పింది. ముందే తెలిసుంటే అనుకోవడం మన హక్కు కదా.

యూఆర్ దగ్గర ఈ తంతు లేదు. ఇది ప్రభుత్వ సంస్థ. 1955లో పెట్టిన హౌసింగ్ కార్పొరేషన్ పేర్లు మారి మారి 2004 నుంచి యూఆర్ అయింది. మన కేపీహెచ్‌బీ కాలనీ కట్టిన హౌసింగ్ బోర్డు లాంటిది అనుకోండి, కాకపోతే ఇప్పుడు ప్రధానంగా అద్దెలకిస్తుంది. రెయికిన్ లేదు, ఏజెంటు ఫీజు లేదు, జామీను లేదు, రెండేళ్లకోసారి కట్టే రెన్యువల్ ఫీజూ లేదు. అడ్వాన్సు రెండు నెలలు, అంతే. ఎవరు ముందొస్తే వాళ్లకే ఇల్లు. కౌంటర్‌లో కూర్చున్నావిడ నా రెసిడెన్స్ కార్డు తీసుకుని వీసా రకం చూసి, జీతం కాగితం చూసి, ముద్ర వేసింది. ఏ దేశమని ఎవరికీ ఫోన్ చేయలేదు. ఆ ఒక్క ముక్కకే నేను యూఆర్ వైపు ఒరిగిపోయానని ఒప్పుకుంటాను.

షరతులున్నాయి. ఒంటరిగా ఉండేవాళ్లు 62,500 నుంచి రెండు లక్షల లోపు అద్దె ఇంటికి నెలకి 2,50,000 ఆదాయం చూపించాలి. కుటుంబమైతే 82,500 నుంచి రెండు లక్షల లోపు ఇంటికి 3,30,000. ఆదాయం చాలకపోతే అద్దెకి వంద రెట్లు బ్యాంకులో చూపించినా ఇస్తారు, అది మనలాంటి వాళ్ల పని కాదు.

ఇప్పుడు ఆ 2,70,500 దగ్గరికి వద్దాం. ప్రైవేటు అద్దె 90 వేలు, యూఆర్ లక్షా పది. తేడా నెలకి 20 వేలు. ఊరికే పోయిన 2,70,500ని 20 వేలతో భాగిస్తే పదమూడున్నర నెలలు. అంటే పదమూడున్నర నెలల లోపు ఖాళీ చేసేవాడికి లక్షా పది వేల యూఆరే చవక. అది దాటితే ప్రైవేటు మెల్లగా గెలవడం మొదలుపెడుతుంది. రెండేళ్లు నిండగానే రెన్యువల్ పేరుతో ఇంకో నెల అద్దె అడుగుతారు కాబట్టి మళ్లీ నాలుగున్నర నెలలు వెనక్కి. కొన్ని ఒప్పందాల్లో ఏడాది లోపు వెళ్లిపోతే ఒక నెల అద్దె జరిమానా కూడా ఉంటుంది. నేను సరిగ్గా పన్నెండో నెలలో ఖాళీ చేశాను. మా ఆవిడకి వీసా వచ్చింది, 22 చదరపు మీటర్లలో ఇద్దరం ఎక్కడ పడుకుంటాం?

కొత్తగా వచ్చినవాడికి తాను ఎన్నాళ్లుంటాడో తెలియదు. ప్రాజెక్టు మారొచ్చు, ఆఫీసు యొకొహామాకి పోవచ్చు, పెళ్లి కుదరొచ్చు. ఆ తెలియనితనానికి ప్రైవేటు ఇల్లు ముందే జరిమానా వసూలు చేస్తుంది, యూఆర్ చేయదు. నా వాదనంతా ఇదే.

అలాగని యూఆర్ స్వర్గమేమీ కాదు. చాలా కాలనీలు 1970లు, 80ల నాటివి. అయిదంతస్తుల పాత భవనాలు కొన్నింటికి లిఫ్టు ఉండదు. నాలుగో అంతస్తుకి పాతిక కేజీల సోనా మసూరి బస్తా మోసినరోజు యూఆర్‌ని తిట్టుకున్నాను. చలికాలం కిటికీ అద్దాల మీద నీళ్లు కారతాయి, పొద్దున్నే తుడవకపోతే గోడకి బూజు. భూకంపం సంగతి కూడా చూసుకోవాలి. 1981 జూన్ నుంచి కొత్త నిబంధన వచ్చింది కాబట్టి, అంతకు ముందు కట్టిందైతే గట్టిపరిచారో లేదో అడగండి. ఇంకొకటి, ఇల్లంటే నిజంగా నాలుగు గోడలే ఇస్తారు. దీపాలు లేవు, పొయ్యి లేదు, ఏసీ లేదు, కర్టెన్లు లేవు. గ్యాసు తెరవాలంటే కంపెనీ మనిషి వచ్చేటప్పుడు మనం ఇంట్లో ఉండి తీరాలి. మేం దిగింది శుక్రవారం సాయంత్రం, ఆయన వచ్చేది శనివారం పదింటికి. ఆ రాత్రి 45 చదరపు మీటర్ల చీకట్లో, తతామి మీద కూర్చుని, ఫోన్ టార్చి వెలుగులో మా ఆవిడ డబ్బాలో తెచ్చిన పులిహోర తిన్నాం. మేం కొనుక్కున్న పొయ్యి మాత్రం గ్యాసుది, రెండు బర్నర్లు, మా అమ్మ కుక్కర్ మర్నాడు కూత పెట్టింది.

ఇక ఎక్కడ? మనవాళ్లందరూ చెప్పే పేరు నిషి కసాయ్. ఎదొగావా వార్డులో, తోజాయ్ లైన్ మీద. 2000 ప్రాంతంలో వైటూకే, అంటే కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీల సమస్య, సరిచేసే పనుల మీద ఇంజనీర్లు వచ్చినప్పుడు ఇక్కడ చేరడం మొదలైంది. అప్పటికే అక్కడ స్థిరపడ్డ టీ వ్యాపారి జగ్‌మోహన్ చంద్రాణి లాంటివాళ్లు వాళ్లకి ఇళ్లు చూసిపెట్టారు. యూఆర్ కాలనీలున్నాయి, ఓతెమాచి ఆఫీసులకి ఒకే రైలు, కందిపప్పు కొట్టు నడిచే దూరంలో. పిల్లలుంటే ఎదొగావా వార్డులో గ్లోబల్ ఇండియన్ స్కూలు, పక్క కోతో వార్డులో ఇండియా ఇంటర్నేషనల్ స్కూలు.

మా ఆవిడకి ఆ కాలనీ ప్రాణం పోసింది. వచ్చిన వారానికే చెత్త వేసే చోట గుంటూరు అక్క ఒకావిడ కనిపించి "అమ్మాయ్, అది ప్లాస్టిక్ రోజు కాదు, తెచ్చెయ్" అందట. రేకు అడ్డం సలహా ఇచ్చిన అక్క కూడా ఆవిడే. నేను ఆఫీసుకి పోతే పది గంటలు ఇంట్లో ఒంటరిగా ఉండే మనిషికి ఆ ఒక్క పలకరింపు విలువ ఏ అద్దె లెక్కలోకీ రాదు.

కానీ దానికీ ధర ఉంది. 2019లో తోజాయ్ లైన్ కిబా, మొన్‌జెన్-నకచో మధ్య పొద్దుటి రద్దీ రైలు సామర్థ్యంలో 199 శాతం. చేతులు పైకెత్తితే మళ్లీ దించే చోటుండదు. నా జపనీస్ నాలుగేళ్లయినా కూరగాయల కొట్టు దాటలేదంటే చుట్టూ తెలుగు, హిందీ సరిపోవడమే కారణం. మూడోది అసలైన భయం. వార్డులో దాదాపు 70 శాతం నేల, సముద్రం పోటు మీదున్నప్పటి నీటి మట్టం కంటే దిగువన ఉంది. 2019లో వార్డు వాళ్లు ఇంటింటికీ పంచిన వరద మ్యాపు అట్ట మీదే "ఇక్కడ ఉండకూడదు" అని రాసి ఉంది. పెద్ద వరదొస్తే వార్డు దాటి వెళ్లిపొమ్మని దాని అర్థం. మన ఊళ్లలో గోదావరి పొంగినా ఏ ఆఫీసరూ ఇంత సూటిగా చెప్పగా నేను వినలేదు. అందుకే కింది అంతస్తు ఇల్లు ఖాళీగా ఉందన్నా మేం నాలుగో అంతస్తు వదల్లేదు, లిఫ్టు లేకపోయినా.

ఒక్కడే ఉండి, జపనీస్ కొంత వచ్చి, రెండేళ్ల లోపు కదలనని నమ్మకం ఉంటే ప్రైవేటు ఇల్లే తీసుకోవచ్చు, నిషి కసాయ్ వైపు రావాల్సిన పనీ లేదు. కంపెనీయే ఇల్లు తీసి ఇస్తానంటే ఈ వ్యాసం పక్కన పడేసి సంతకం పెట్టండి. రోజువారీ టికెట్ ఖర్చు మామూలుగా కంపెనీలే పాస్ రూపంలో ఇస్తాయి కాబట్టి, స్టేషన్లు నాలుగు అటూ ఇటూ అయినందుకు డబ్బు పోదు, నిద్ర పోతుంది.

కుర్రాణ్ని ఒకటే అడిగాను: "మీ ఆవిడ ఎప్పుడొస్తోంది?"

"సంక్రాంతి అయ్యాక అన్నా."

"అయితే ముందు ఒకటి రెండు నెలలు షేర్ హౌస్. సంక్రాంతి లోపు యూఆర్. గ్యాసు పొయ్యి పెట్టుకునే వీలుందో లేదో కనుక్కో. మిక్సీ మాత్రం తేకు, ఇక్కడ 100 వోల్టుల మీద తిరిగేది కొనుక్కోవచ్చు."

అవతల కాసేపు చప్పుడు లేదు.

"అమ్మ ఆల్రెడీ ప్యాక్ చేసేసిందన్నా. మూడు జార్లతో."

నా ట్రాన్స్‌ఫార్మర్ అటక మీదే ఉంది, దించి దుమ్ము దులపాలి.