బ్యాకప్ ఎన్‌క్రిప్షన్: క్లయింట్‌లోనా, సర్వర్‌లోనా, టేప్ డ్రైవ్‌లోనా? ఏది మేలు?

డేటాసెంటర్‌లో ఒక్కో సర్వర్‌నీ ఎంత జాగ్రత్తగా కాపాడుకున్నా, రాత్రి బ్యాకప్ జాబ్‌లు మొదలయ్యాయంటే అన్నిటి డేటా ఒకే చోటికి చేరుతుంది. డేటాబేస్ డంప్‌లు, జీతాల ఫైళ్లు, పాస్‌వర్డ్‌లున్న కాన్ఫిగ్ ఫైళ్లు, అన్నీ. దొంగకి వంద మెషీన్లు వెతికే పని లేదు, ఆ ఒక్క బ్యాకప్ సర్వర్ దొరికితే చాలు. ఎన్‌క్రిప్షన్ (కీ లేనివాళ్లు చదవలేకుండా డేటాని మార్చేయడం) కావాలా అని ఇప్పుడెవరూ అడగడం లేదు. ఎక్కడ పెట్టాలన్న దగ్గరే తేడాలొస్తాయి: బ్యాకప్ తీసే ఒక్కో మెషీన్‌లోనా (అదే క్లయింట్), బ్యాకప్ సర్వర్‌లోనా, టేప్ డ్రైవ్‌లోనా.

టీఎల్‌ఎస్ ఉందిగా, ఇంకెందుకు అనేవాళ్లకి ఒక్క మాట: అది నెట్‌వర్క్ మీద వెళ్లేటప్పుడు మాత్రమే కాపాడుతుంది. అవతల దిగాక డేటా మామూలుగానే ఉంటుంది. బ్యాకప్ సర్వర్‌లో లక్స్ లాంటి డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెడితే, డిస్క్ ఊడదీసి పట్టుకెళ్లినవాడికి ఏమీ దక్కదు. కానీ సర్వర్ నడుస్తున్నంతసేపూ రూట్ (పూర్తి అధికారం) ఉన్నవాడికి అన్నీ కనిపిస్తాయి.

టేప్ డ్రైవ్‌లో ఎన్‌క్రిప్షన్ అయితే పని చాలా తేలిక. 2007లో వచ్చిన ఎల్‌టీఓ-4 తరం టేప్ డ్రైవ్‌లతో ఏఈఎస్-256 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి డ్రైవ్‌లోకే వచ్చింది. డ్రైవ్ ముందు కంప్రెస్ చేసి, తర్వాత ఎన్‌క్రిప్ట్ చేస్తుంది కాబట్టి టేప్‌లో పట్టే డేటా తగ్గదు. క్లయింట్ల జోలికే వెళ్లక్కర్లేదు. వేరే చోటికి పంపే టేపుల్లో ఒకటి పోయినా రాత్రి నిద్ర పడుతుంది. అయితే టేప్ ఎక్కేదాకా, మధ్యలో డిస్క్ మీద ఆగిన డేటాకి మాత్రం ఏ రక్షణా లేదు.

క్లయింట్‌లో చేస్తే సంగతి వేరు. డేటా ఆ మెషీన్ దాటకముందే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. బ్యాకప్ అడ్మిన్ కూడా చదవలేడు. ఇతరుల డేటా మన దగ్గర పెట్టుకున్నప్పుడు నాకు ఇదే సరైన పద్ధతి అనిపిస్తుంది. బాక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో క్లయింట్ డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) తాత్కాలికంగా ఒక సెషన్ కీ తయారుచేసి దాంతో డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఆ సెషన్ కీని మళ్లీ పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది; దాన్ని విప్పాలంటే జతగా ఉండే ప్రైవేట్ కీ కావాలి. ఒక చిక్కుంది: ఫైళ్ల పేర్లు, పర్మిషన్లు కేటలాగ్‌లో (బ్యాకప్ అయిన ఫైళ్ల జాబితాలో) మామూలుగానే కనిపిస్తాయి. ఫైల్ పేరులోనే కస్టమర్ పేరు పెట్టే అలవాటుంటే అది చిన్న విషయం కాదు. బోర్గ్, రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు పేర్లని కూడా దాచేస్తాయి.

సీపీయూ గురించి టెన్షన్ పడక్కర్లేదు. 2010 నుంచి ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లలో ఏఈఎస్ పని చేసే ఇన్‌స్ట్రక్షన్లు హార్డ్‌వేర్‌లోనే ఉన్నాయి. అసలు దెబ్బ స్టోరేజీకి తగులుతుంది. ఒకే ఓఎస్ ఉన్న నలభై వర్చువల్ మెషీన్లలో ఒకే లైబ్రరీ ఫైలు నలభై సార్లు ఉంటుంది, డీడూప్ ఉన్న స్టోరేజీ దాన్ని ఒక్కసారే దాస్తుంది. క్లయింట్లు తలో కీతో ఎన్‌క్రిప్ట్ చేసి పంపితే అవి నలభై వేర్వేరు ఫైళ్లు. కంప్రెషన్ కూడా క్లయింట్‌లోనే ముందుగా చేయాలి, తర్వాత చేస్తే ఏమీ తగ్గదు. బోర్గ్‌లో అందరూ ఒకే రిపాజిటరీ (బ్యాకప్‌లు దాచే చోటు), ఒకే కీ వాడితే డీడూప్ దక్కుతుంది. అప్పుడు ఒక మెషీన్ హ్యాకైతే మిగతావాళ్ల బ్యాకప్‌లన్నీ చదివేయొచ్చు. ఈ బేరం నాకు నచ్చదు.

అన్నిటికన్నా భయపెట్టేది కీ. మేము ఓసారి ఒక క్లయింట్ డిస్క్ పోతే ధీమాగా రిస్టోర్ మొదలుపెట్టాం. నెలల తరబడి జాబ్ రిపోర్టుల్లో ఒక్క ఎర్రర్ లేదు. ప్రైవేట్ కీ మాత్రం పోయిన డిస్క్‌లోని ఈటీసీ డైరెక్టరీలో (కాన్ఫిగ్ ఫైళ్లుండే చోట) ఉంది. ఈటీసీ కూడా రోజూ బ్యాకప్ అయ్యేది, కానీ అదే కీతో ఎన్‌క్రిప్ట్ అయి. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్టయింది. ఆ మెషీన్‌ని మొదటినుంచి కట్టుకున్నాం, కొన్ని ఫైళ్లు ఇక రాలేదు.

ఆ తర్వాత ప్రతి క్లయింట్ కాన్ఫిగ్‌లో మాస్టర్ కీ (క్లయింట్ కీ పోయినా బ్యాకప్ విప్పగలిగే అదనపు కీ) లైన్ చేర్చాం. దాని పబ్లిక్ సర్టిఫికెట్ మాత్రమే క్లయింట్‌లో ఉంటుంది, ప్రైవేట్ భాగం ఏ నెట్‌వర్క్‌కీ తగలని యూఎస్‌బీలో, బీరువాలో. బోర్గ్ వాడేవాళ్లు కీని కాగితం మీద ప్రింట్ తీసి దాచుకోవచ్చు, ఆ కమాండ్ అందులోనే ఉంది.

ఇప్పుడు మా అమరిక ఇలా ఉంది. కస్టమర్ల డేటా, జీతాలు, డేటాబేస్ డంప్‌లు ఉన్న మెషీన్లకి క్లయింట్ ఎన్‌క్రిప్షన్, స్టోరేజీ ఎంత తిన్నా సరే. మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోగలిగే ఓఎస్ ఫైళ్లు, బిల్డ్ సర్వర్లు అయితే టేప్ డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ చాలు, డీడూప్ కూడా మిగులుతుంది. మూడు నెలలకోసారి ఒక ఖాళీ మెషీన్ తీసుకుని, మాస్టర్ కీ ఒక్కదానితోనే ఒక డైరెక్టరీ రిస్టోర్ చేసి చెక్‌సమ్‌లు (ఫైలు మారలేదని తేల్చే సంఖ్యలు) పోలుస్తాం. మొదటిసారి ఆ యూఎస్‌బీ పాస్‌ఫ్రేజ్ ఎవరికి తెలుసో కనుక్కోవడానికే అరగంట పట్టింది. ఇప్పుడది సీల్ చేసిన రెండు కవర్లలో, ఇద్దరి దగ్గర ఉంటోంది.