ఒకే నల్లమల, రెండు సఫారీలు: మన్ననూరా, బైర్లూటీనా?

నల్లమల వెళ్లొచ్చిన వాళ్లని ఎలా ఉందని అడిగితే ముందు వచ్చే మాట "పులి కనపడలేదండీ". రూము, తిండి, రోడ్డు అన్నీ ఆ తర్వాతే. మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవి చూసొచ్చిన వాళ్లయితే మరీ. చంద్రపూర్ దాకా పోతే ఒక్క పూటలోనే తల్లినీ పిల్లల్నీ చూశామని, ఇక్కడ డబ్బులు దండగని తేల్చేస్తారు. నాకు ఈ పోలికే నచ్చదు. తాడోబాలో దుప్పులూ అడవిదున్నలూ దండిగా ఉంటాయి, నేలా చాలావరకు చదునే. నల్లమల అంతా కొండలు, లోయలు, వెదురు పొదలు. మేత జంతువులు అంత చిక్కగా లేవు కాబట్టి ఒక్కో పులి తిరిగే మేర ఎక్కువ. మూడు వేల ఏడు వందల చదరపు కిలోమీటర్లు దాటిన నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు దేశంలోకెల్లా పెద్దది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు అడవి అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది, అదీ చిన్నదేం కాదు. ఇంత అడవిలో జీపు తిరిగేది ఒక గీతంత దారిలో.

కాబట్టి పోల్చాల్సింది ఈ అడవిలోని చోట్లనే. తెలంగాణ వైపు మన్ననూరు, ఆంధ్ర వైపు ఆత్మకూరు దగ్గరి బైర్లూటి.

హైదరాబాద్ నుంచి వారాంతానికి బయల్దేరే వాళ్లకి మన్ననూరే సుఖం. మూడు గంటల దారి, రోడ్డు బాగుంటుంది. బస, సఫారీ కలిపి ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవచ్చు. మట్టి గోడల కాటేజీలు పిల్లలకి భలే నచ్చుతాయి. ఫరహాబాద్ గేటు నుంచి వ్యూ పాయింట్ దాకా వెళ్లే దారిలో నిజాం కాలపు శికార్‌ఘర్ (వేట బంగ్లా) శిథిలాలు కనిపిస్తాయి. పైన నిలబడితే కింద మైదానమంతా పరుచుకుని ఉంటుంది. ఆ ఒక్క దృశ్యం కోసమైనా వెళ్లొచ్చు. ఇబ్బందల్లా తోటి సందర్శకులతోనే. శ్రీశైలం పోతూ పోతూ "ఓ గంట సఫారీ కూడా చేసేద్దాం" అనుకుని ఎక్కే వాళ్లు ఎక్కువ. మా జీపులో ఒకాయన దారి పొడుగునా వీడియో కాల్‌లో వాళ్ల బావగారికి అడవి చూపించాడు. ఆ గోలకి నెమలి కూడా నిలబడలేదు.

బైర్లూటి వేరే లోకం. దారిలో పోతూ తగిలే చోటు కాదు, పని పెట్టుకుని వెళ్లాలి. అందుకే వచ్చేవాళ్లు కాస్త అడవి కోసం వచ్చినవాళ్లే అయి ఉంటారు. పక్కనే చెంచుగూడెం. అటవీ శాఖ క్యాంపులో పనిచేసేవాళ్లలో, సఫారీకి తోడొచ్చేవాళ్లలో చెంచులు ఉంటారు. తేడా అంతా అక్కడే ఉంది. మాతో వచ్చిన కుర్రాడు బండి ఆపించి, తవ్విపోసిన చెదపుట్ట చూపించి, "ఎలుగు సార్, రాత్రిదే, మట్టి ఇంకా తడిగా ఉంది" అన్నాడు. కొండముచ్చులు ఉన్నట్టుండి అరిస్తే, దగ్గర్లో పులో చిరుతో ఉండొచ్చని ఇంజన్ కట్టేయించి, మమ్మల్ని కదలొద్దన్నాడు. పది నిమిషాలు ఎవరం ఊపిరి గట్టిగా తీసుకోలేదు. ఏమీ రాలేదు. అయినా నాకు ఆ సఫారీలో బాగా గుర్తున్నది ఆ పది నిమిషాలే. ఉగాదికి కన్నడ భక్తులు శ్రీశైలం నడిచివెళ్లే పాత దారి కూడా ఇటువైపే, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా. ఆ కథలు కూడా చెబుతారు, అడగాలంతే. తిండి విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. అన్నం, పప్పు, కోడికూర, వేడిగా పెడతారు. ఫోన్ సిగ్నల్ మీద కూడా ఆశ వద్దు. ఆఫీసు టెన్షన్ ఉన్నవాళ్లు ముందే చెప్పుకుని వెళ్లాలి.

ఇక "ఎకో" బోర్డు చూసి మోసపోకండి. ఈ చుట్టుపక్కలే ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం, పేరు వద్దులెండి. బోర్డు మీద ఆకు బొమ్మ, లోపల ఈత కొలను, రాత్రి పదకొండు దాకా డీజే. గదిలోకి నీళ్లన్నీ ప్లాస్టిక్ సీసాల్లోనే. అద్దె చూస్తే అటవీ శాఖ కాటేజీ కన్నా బాగా ఎక్కువ. ఆన్‌లైన్‌లో స్టార్లు మాత్రం దానికే ఎక్కువ, ఎందుకంటే ఏసీ చల్లగా ఉంటుంది, బఫేలో బిర్యానీ ఉంటుంది.

శ్రీశైలం దర్శనానికి దోర్నాల వైపు నుంచి వచ్చేవాళ్లకి దారిలోనే తుమ్మలబైలు సఫారీ ఉంది. పూట మిగిలితే ఎక్కొచ్చు, దానికోసమే ఊరి నుంచి బయల్దేరక్కర్లేదు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు మూతే. శీతాకాలంలో అడవి పచ్చగా, హాయిగా ఉంటుంది కానీ పొదల చాటున ఏదీ కనపడదు. జంతువుల కోసమే అయితే ఎండలకి తట్టుకుని ఏప్రిల్, మే నెలల్లో పొండి. అప్పుడు వాగులు ఎండిపోయి, అటవీ సిబ్బంది నీళ్లు నింపే సాసర్ పిట్‌ల దగ్గరికి అన్నీ వస్తాయి. సాయంత్రం బండికన్నా తెల్లవారుజాము బండే ఎంచుకోండి. శ్రీశైలం ఘాట్ రోడ్డు గేట్లు రాత్రి తొమ్మిదికి పడితే మళ్లీ ఆరింటికే తీస్తారు, కాబట్టి హైదరాబాద్‌లో సాయంత్రం దాకా ఉండి తీరిగ్గా బయల్దేరదామనే ప్లాన్ మాత్రం పెట్టుకోకండి.