సుజౌలో బస దగ్గర జాగ్రత్త, మ్యూజియం మాత్రం వదలొద్దు

షాంఘై నుంచి సుజౌ వెళ్దామనుకునే మనవాళ్లకు ముందే చెబుతున్నాను. పాత ఊళ్లో కాలవ ఒడ్డున ఉన్న చిన్న గెస్ట్‌హౌస్‌ల ఫొటోలు చూసి మనసు పారేసుకోకండి. విదేశీ పాస్‌పోర్టుతో గది ఇస్తారా అని అడగండి. ఇస్తామని మెసేజ్ వచ్చాకే డబ్బు కట్టండి.

షాంఘైలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి దగ్గరికి వెళ్లాం. వాడికి సెలవు దొరక్కపోవడంతో అమ్మ, మా ఆవిడ, నేను సాయంత్రం రైలెక్కాం. హైస్పీడ్ రైల్లో అరగంట ప్రయాణం. సెకండ్ క్లాసు మనిషికి 39.5 యువాన్లు, యువాన్ పన్నెండు రూపాయలనుకుంటే ఐదొందలు కూడా కాదు. ఇబ్బందేమీ లేదు.

గది పింగ్‌జియాంగ్ వీధి పక్క సందులో. తమ్ముడే యాప్‌లో 428 యువాన్లు ముందే కట్టి బుక్ చేశాడు. బుకింగ్‌లో మా పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయి. రాత్రి ఎనిమిదిన్నరకు సన్నటి వానలో సామాను మోసుకుంటూ చేరాం. కౌంటర్ దగ్గరి కుర్రాడు పాస్‌పోర్టులు చూడగానే చెయ్యి అడ్డంగా ఊపాడు. ఫోన్లో అనువాదం చూపించాడు: "మా కంప్యూటర్ విదేశీయులను నమోదు చేయదు." చైనాలో విదేశీయులు ఎక్కడ దిగినా పోలీసులకు వివరాలు అందాలి, హోటళ్లే ఆ పని చేస్తాయి. చేతకాదని పంపేయడం మాత్రం కుదరదు. ఆ కారణంతో విదేశీయులను తిప్పి పంపొద్దని 2024 మేలోనే చైనా ప్రభుత్వం హోటళ్లకు చెప్పింది. తమ్ముడు ఫోన్లో వాళ్ల భాషలోనే ఆ మాట గట్టిగా అడిగాడు. కుర్రాడు ఓనర్‌కి ఫోన్ చేశాడు. బుకింగ్ మీరే రద్దు చేసుకోండి అన్నాడా ఓనర్. మేం రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాదు! అందుకే ఆ మాట అన్నాడని మాకు అర్థమైంది.

గంట సేపు ఇదే గొడవ. అమ్మ తడిసిన చెప్పులు విప్పి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని చెక్క బెంచీ మీద కూర్చుంది. "పోనీలేరా, వేరే చోటికి పోదాం" అంటుంది. మా ఆవిడ మాత్రం డబ్బు తేలేదాకా కదలనని కౌంటర్ ముందే నిలబడింది. చివరికి సగం, 214 యువాన్లు వెనక్కిచ్చారు. మిగతా సగం పోయినట్టే.

టాక్సీకి 18 యువాన్లు ఇచ్చి రైల్వే స్టేషన్ దగ్గరి ఒక చెయిన్ హోటల్‌కి వెళ్లాం. 360 యువాన్లు. అక్కడి అమ్మాయి ముగ్గురి పాస్‌పోర్టులూ స్కాన్ చేసి ఐదు నిమిషాల్లో తాళం ఇచ్చింది. అడక్కుండానే అమ్మకు వేణ్నీళ్లు తెచ్చిచ్చింది. తమ్ముడి ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని పడుకునేసరికి పదకొండు.

మర్నాడు సుజౌ మ్యూజియం చూశాక మా ఆవిడ ముఖంలో చిరాకు పోయింది. కట్టింది ఐ. ఎం. పెయ్, పారిస్ లూవ్ర్ ముందు గాజు పిరమిడ్ కట్టినాయన. పెయ్‌ల కుటుంబం సుజౌదే. ఇక్కడి లయన్ గ్రోవ్ తోట ఒకప్పుడు వాళ్లదే. 2006లో ఈ మ్యూజియం తెరిచేనాటికి ఆయనకు 89 ఏళ్లు. తెల్ల గోడలు, ముదురు బూడిద రంగు అంచులు అన్నీ పాత సుజౌ ఇళ్లవే, కానీ పైకప్పు మీద పెంకు ఒక్కటీ లేదు. అంతా గ్రానైట్ పలకలు. వానకు తడిసిన చోట నల్లగా, ఆరిన చోట బూడిదగా కనబడ్డాయి. పెరట్లో కొలను అవతల తెల్లగోడ ముందు, రాళ్లను పలకలుగా కోసి వరసగా నిలబెట్టారు. కాస్త దూరం నుంచి చూస్తే సిరాతో గీసిన కొండల బొమ్మే. ఆ గోడకు అవతలిది 16వ శతాబ్దపు జువోజెంగ్ తోట. తోటలోని చెట్ల కొమ్మలు గోడ మీంచి తొంగిచూస్తుంటే రెండూ ఒకే ఆవరణ అనిపించింది. కొత్త భవనం పాత ఊరికి ఇంత మర్యాద ఇవ్వడం నేను మరెక్కడా చూడలేదు. టికెట్ లేదు. కానీ పాస్‌పోర్టు నంబరుతో ముందే స్లాట్ బుక్ చేసుకోవాలి, సోమవారం సెలవు.

పక్కన జువోజెంగ్ తోటకు మా ఇద్దరికీ కలిపి 160 యువాన్లు. యునెస్కో జాబితాలో ఉన్న తోటే, కానీ ఇసకేస్తే రాలనంత జనం. మైకులు పట్టుకున్న గైడ్ల గోల మధ్య ఏమీ చూడలేకపోయాం. మోకాళ్ల నొప్పులున్న అమ్మను మ్యూజియంలోనే కూర్చోబెట్టి వెళ్లడం మంచిదైంది.

శాకాహారులు మధ్యాహ్నానికి షియువాన్ గుడికి వెళ్లండి. ప్రవేశం 5 యువాన్లు, అగరొత్తులు కూడా అందులోనే. గుళ్లోనే శాకాహార నూడిల్స్ వండుతారు. గిన్నె 25 యువాన్లు, మీద పుట్టగొడుగులు, గోధుమ బంకతో చేసిన ముక్కలు. చైనాకొచ్చాక అమ్మ అనుమానం లేకుండా కడుపు నిండా తిన్న బయటి భోజనం ఇదే. చారు కూడా మిగల్చలేదు. అక్కడి ఐదొందల మంది అర్హంతుల (జ్ఞానోదయం పొందిన బౌద్ధ సన్యాసుల) మండపంలో జిగోంగ్ అనే సాధువు విగ్రహం ఉంది. ఒకవైపు నుంచి చూస్తే నవ్వుతాడు, ఇంకోవైపు నుంచి ఏడుస్తాడు. అమ్మ అటూ ఇటూ తిరిగి చూసి, మా ఆవిడను కూడా పిలిచి చూపించింది.

సాయంత్రం జింజి సరస్సు దగ్గర 301.8 మీటర్ల ఎత్తున్న గేట్ ఆఫ్ ది ఓరియంట్ అనే భవనం చూశాం. రెండు కాళ్ల మీద నిలబడ్డట్టు ఉంటుంది, అందుకే ఊళ్లోవాళ్లు దాన్ని ప్యాంటు అంటారు. లైట్లు వేశాక ఫొటోకి బాగుంటుంది, అంతకుమించి టైమ్ పెట్టక్కర్లేదు. ఆ గంట కూడా మ్యూజియంకే ఇవ్వండి. పొద్దున తొమ్మిదికి తెరవగానే మొదటి స్లాట్ తీసుకుంటే కొలను దగ్గర జనం పలచగా ఉంటారు.