విజయనగరంలో ఫ్లాటు కొనబోయేవారికి హెచ్చరిక: తనఖాలో ఉన్న ఫ్లాటుకు నేను ఇరవై ఆరు లక్షలు కట్టాను

విజయనగరంలో లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి 2020లో పదవీ విరమణ చేశాను. చేతికి వచ్చిన డబ్బులో ఇరవై ఆరు లక్షలు రింగు రోడ్డుకు లోపలి వైపున్న ఒక చిన్న అపార్టుమెంటులో మొదటి అంతస్తు ఫ్లాటుకు చెల్లించాను. ఆ ఫ్లాటులోనే కాపురం ఉంటున్నా, ఈ రోజు వరకూ దాన్ని నా పేరిట రిజిస్టరు చేయించుకోలేకపోయాను. నాది దొంగ అంతస్తులోని ఫ్లాటు కాదు, మంజూరైన ప్లానులో స్పష్టంగా కనిపించే ఫ్లాటే. రిజిస్ట్రేషను ఆగడానికి కారణం నా నెత్తిమీద, అంటే నాలుగో అంతస్తులో ఉంది. పై అంతస్తులో జరిగిన అతిక్రమణ కింది అంతస్తులో ఉన్నవాడి మెడకు ఎలా చుట్టుకుంటుందో చాలామందికి తెలియదని, నా పాత సహోద్యోగులు ఇద్దరు ఇటువంటి భవనాల్లోనే బయానా ఇవ్వబోతున్నారని తెలిశాకే ఇది రాస్తున్నాను. కేసు జిల్లా వినియోగదారుల కమిషను ముందు ఉంది కాబట్టి బిల్డరు పేరు రాయడం లేదు.

మొదట స్థలం సంగతి. నలభై అడుగుల ముఖం, తొంభై అడుగుల లోతు, మొత్తం నాలుగువందల గజాలు. 2019లో స్టిల్టు పార్కింగు, దానిపైన మూడు అంతస్తులు, అంతస్తుకు రెండేసి చొప్పున ఆరు ఫ్లాట్లకు అనుమతి వచ్చింది. 2021లో నేను చూడడానికి వెళ్లేసరికి రెండో శ్లాబు పడింది. బిల్డరు కుర్చీ వేసి, టీ తెప్పించి, ప్లాను నకలు నా ముందు పరిచాడు. "చూసుకోండి మాస్టారూ, అప్రూవ్డు ప్లాను, క్లియరు టైటిలు, మనకి దాపరికం లేదు" అన్నాడు. ఆయన చూపింది నిజమైన ప్లానే. నేనూ చూశాను, కానీ చూసింది పడకగది ఎంత, వంటగదికి కిటికీ ఎటు, దేవుడి గూడు ఈశాన్యానికి వచ్చిందా అన్నవి మాత్రమే. ఆ నకలుతో పాటు ఉండవలసిన మంజూరు ఉత్తర్వును, అంటే అందరూ ప్రొసీడింగ్సు అనే నాలుగైదు పేజీల కాగితాన్ని, ఆయన చూపలేదు, నేను అడగలేదు.

ఆ ప్రొసీడింగ్సులోనే నా ఫ్లాటు జాతకం రాసి ఉంది. మన రాష్ట్రంలో 2017 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, ఇటువంటి అపార్టుమెంటుకు అనుమతి ఇచ్చేటప్పుడు యజమాని తన నిర్మాణ విస్తీర్ణంలో పది శాతాన్ని కింది అంతస్తుల్లో ఏదో ఒక దానిలో చూపించి, నోటరీ చేసిన ప్రమాణపత్రం ద్వారా మంజూరు చేసే సంస్థకు తనఖా పెట్టాలి. చిన్న సొంత ఇళ్లకు మినహాయింపు ఉంది, అపార్టుమెంట్లకు లేదు. ఆ తనఖా వివరం రిజిస్ట్రేషను శాఖ నిషేధిత ఆస్తుల జాబితాలోకి వెళుతుంది. కట్టడం ప్లాను ప్రకారమే పూర్తయిందని తనిఖీలో తేలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు, అంటే అందరూ ఓసీ అనే నివాసయోగ్యతా పత్రం వచ్చాకే ఆ తనఖా విడుదలవుతుంది. బిల్డరు ప్లాను దాటకుండా ఉండేందుకు పెట్టిన హామీ అది, ఉద్దేశం మంచిదే. మా భవనంలో ఆ హామీగా రాసి ఇచ్చిన ఫ్లాటు నంబరు 102. నేను బయానా ఇచ్చిన ఫ్లాటు నంబరు కూడా 102.

అది నాకు తెలిసింది సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో. మంచిరోజు చూసుకుని, మా ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చింది. దస్తావేజు లేఖరి వివరాలు కంప్యూటరులో ఎక్కిస్తూ ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూసి, "మాస్టారూ, ఈ ఫ్లాటు నంబరు నిషేధిత జాబితాలో చూపిస్తోందండీ, కార్పొరేషనుకి తనఖాలో ఉన్నట్టుంది" అన్నాడు. బిల్డరు ఏమాత్రం తొణకలేదు. "అది ఫార్మాలిటీయేనండీ, ఓసీ వచ్చేస్తే అదే పోతుంది, ఒక నెల ఆగండి" అన్నాడు. అప్పటికే మేము పాత అద్దె ఇల్లు ఖాళీ చేసి సామాను దింపుకున్నాం. నెల ఆగాం. సిరిమానోత్సవం వచ్చింది, వెళ్లింది, మళ్లీ వచ్చింది.

ఓసీ ఎందుకు రాదో వాచ్‌మను చెప్పాడు. ఒక పొద్దున్న పాలప్యాకెట్టు ఇస్తూ, "పైన గోడకి ఏదో కాయితం అంటించారండీ మాస్టారండీ, సూసారా?" అన్నాడు. ఎక్కి చూస్తే నాలుగో అంతస్తు మెట్ల దగ్గర నోటీసు ఉంది. ప్లానులో లేని నాలుగో అంతస్తు కట్టినందుకు, పక్క ఖాళీ స్థలాన్ని ఆక్రమించినందుకు మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 452వ సెక్షను కింద సంజాయిషీ కోరుతూ ఇచ్చిన నోటీసు అది. దానికి సరైన జవాబు రాకపోతే 636వ సెక్షను కింద తుది ఉత్తర్వు వస్తుంది, ఆ తర్వాత తొలగింపే. నాలుగో అంతస్తు గురించి మేము అడిగినప్పుడు బిల్డరు, "పైన స్థలం ఓనర్ల వాటా, మీకు సంబంధం లేదు" అని చెప్పి ఉన్నాడు. సంబంధం ఉన్నదల్లా నాకే. కట్టడం ప్లాను దాటితే ఓసీ రాదు, ఓసీ రాకపోతే తనఖా విడవదు, తనఖా విడవకపోతే 102 నా పేరిట రాదు. మిగతా ఐదు ఫ్లాట్లవారికి రిజిస్ట్రేషన్లు అయిపోయాయి కాబట్టి వారు కొంత నిశ్చింతగా ఉన్నారు. కానీ వారి చేతిలోనూ ఓసీ లేదు, రేపు అమ్ముకోబోతే కొనేవాడి బ్యాంకు అదే అడుగుతుంది.

అప్పుడు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, ప్రొసీడింగ్సు, ప్లాను ధ్రువీకరించిన నకళ్లు తీసుకున్నాను. చట్టం ముప్పై రోజుల గడువు ఇస్తుంది, ఆ లోపే వచ్చాయి. నా ఇరవై ఆరు లక్షలు పోవడానికి ముందే ఈ పది రూపాయలు ఖర్చు పెట్టి ఉండవలసింది. నకళ్లు చేతికి వచ్చిన సాయంత్రం నేనూ మా అబ్బాయీ టేపు పట్టుకుని కిందికి దిగాం. ప్లానులో పక్కల వదలవలసిన ఖాళీ రెండు మీటర్లు. ప్రహరీ గోడకు టేపు ఆనించి మా గోడ దాకా లాగితే ఒక మీటరు పది సెంటీమీటర్లు వచ్చింది. నమ్మలేక వెనక మూల దగ్గర ఇంకోసారి కొలిచాం, ఒక మీటరు ఐదే. పది శాతం లోపు తేడా ఉంటే అపరాధ రుసుము కట్టించుకుని సర్దుబాటు చేసే వీలు నిబంధనల్లో ఉంది. ఇక్కడ తేడా దాదాపు సగం. గంటస్తంభం, మూడు లాంతర్ల చుట్టుపక్కల గోడకు గోడ ఆనుకున్న పాత ఇళ్లలో పుట్టి పెరిగిన మాబోటివారికి, రెండిళ్ల మధ్య మనిషి పట్టేంత సందు ఉంటే చాలు, అదే గొప్ప ఖాళీగా కనిపిస్తుంది. పురపాలక సంఘం 1888లో ఏర్పడిన ఊరిలో అలవాట్లు అంత త్వరగా పోవు. అగ్నిప్రమాదం జరిగితే ఆ సందులోంచే మనుషులు బయటపడాలన్న ఆలోచన కొలిచేదాకా నాకూ రాలేదు.

నన్ను ఎక్కువగా బాధిస్తున్నది మరొకటి ఉంది, ఈ హెచ్చరికలో అందరికీ పనికొచ్చేదీ అదే. నా అగ్రిమెంటులో అవిభక్త వాటా, అంటే భవనం ఉన్న స్థలంలో విడదీయకుండా నాకు వచ్చే వంతు, యాభై గజాలు అని రాసి ఉంది. మొత్తం స్థలం నాలుగువందల గజాలు, అనుమతి ఉన్నవి ఆరు ఫ్లాట్లు. సమానంగా పంచితే ఒక్కొక్కరికి అరవై ఆరు గజాల పైచిలుకు రావాలి. యాభై చొప్పున పంచాలంటే ఎనిమిది ఫ్లాట్లు ఉండాలి. అంటే రెండో శ్లాబు పడుతున్న రోజుకే నాలుగో అంతస్తు ఆయన లెక్కలో ఉంది, దాన్ని నా చేత సంతకం పెట్టించిన కాగితం మీదే రాసి ఇచ్చాడు. ఐదో తరగతి భాగహారం. జీవితమంతా పిల్లల చేత చేయించినవాణ్ణి, నా సొంత కాగితం మీద చేసుకోలేదు. మీ చేతికి అగ్రిమెంటు వచ్చిన వెంటనే మొత్తం గజాలను మీ వాటా గజాలతో భాగించి, వచ్చిన అంకెను ప్లానులోని ఫ్లాట్ల సంఖ్యతో పోల్చండి. ఫ్లాట్ల సైజుల్లో తేడాల వల్ల ఒకటి రెండు గజాలు అటూ ఇటూ కావచ్చు. ఒక అంతస్తుకు సరిపడా తేడా వస్తే అక్కడే ఆగిపోండి.

బిల్డరు ఈ మధ్యకాలంలో నాకు చెప్పిన ఓదార్పు మాటలు మూడు. మీకూ అవే చెబుతారు కాబట్టి రాస్తున్నాను. మొదటిది, "బీపీఎస్‌లో కట్టేస్తాం" అన్నది. బీపీఎస్ అంటే భవనాల క్రమబద్ధీకరణ పథకం, అది ఎప్పుడు వచ్చినా దానికి ఒక గడువు తేదీ ఉంటుంది. ఆయన ఆ మాట అన్న రోజుకు ఉన్న పథకం 2018 ఆగస్టు 31కి ముందు కట్టిన వాటికే వర్తించేది, మా భవనానికి అనుమతి వచ్చిందే 2019లో. రాబోయే పథకం మీద ఆశ పెట్టుకుని ఇల్లు కొనడం వానను నమ్ముకుని నారు పోయడంతో సమానం. పైగా ఆ అపరాధ రుసుము ఎవరు కడతారన్నది ఏ అగ్రిమెంటులోనూ ఉండదు. రెండోది, "ఇంటిపన్ను వేశారు కదా, ఇక భయమేముంది" అన్నది. అక్రమ కట్టడానికీ పన్ను వేస్తారు, దాని మీద అదనంగా జరిమానా కూడా వేస్తారు. పన్ను రసీదు వల్ల అక్రమం సక్రమం కాదు. మూడోది, "ప్రస్తుతానికి జీపీఏ రాసిచ్చేస్తాను, తర్వాత చూద్దాం" అన్నది. జీపీఏ అంటే తన తరఫున వ్యవహరించే అధికారం ఇస్తూ రాసే పత్రం, దాని ద్వారా జరిగే అమ్మకం హక్కును బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. ఈ ఒక్క మాటకు మాత్రం నేను లొంగలేదు.

రెరాకు, అంటే స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థకు, వెళ్లలేదా అని చాలామంది అడిగారు. స్థలం ఐదువందల చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ఆ ప్రాజెక్టుకు రెరా నమోదు తప్పనిసరి కాదు. ఐదువందల చదరపు మీటర్లంటే దాదాపు ఆరువందల గజాలు. మన ఊళ్లో వీధి వీధినా లేస్తున్న చిన్న అపార్టుమెంట్లలో చాలావరకూ రెండువందల నుంచి ఐదువందల గజాల స్థలాల్లోవే, అంటే ఆ గీతకు కిందనే ఉంటాయి. పెద్ద ప్రాజెక్టులో రెరా నంబరు అడగండి, చిన్నదానిలో అది ఉండదు కాబట్టి మీ జాగ్రత్త రెట్టింపు కావాలి. నేను జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు వేశాను. చెల్లించిన మొత్తం యాభై లక్షలు మించనివన్నీ జిల్లా కమిషను పరిధిలోకే వస్తాయి. ఫిర్యాదుకు రెండేళ్ల కాలపరిమితి ఉన్నా, ఓసీ తెచ్చి ఇవ్వకపోవడం రోజురోజుకూ కొనసాగే తప్పు అని సుప్రీంకోర్టు 2022 జనవరిలో చెప్పిన తీర్పు నాబోటి ఆలస్యమైనవాళ్లకు ఆధారం. అదే కోర్టు 2024 డిసెంబరు 17న మరో తీర్పులో, ఓసీ లేకుండా భవనం అప్పగించరాదని, విద్యుత్తు, నీటి కనెక్షన్లు, బ్యాంకు రుణాలు ఆ పత్రం చూశాకే ఇవ్వాలని ఆదేశించింది. కాబట్టి ఇకముందు ఓసీ లేని ఫ్లాటు కొన్నవారికి ఇబ్బంది ఇంకా ముందే, గృహప్రవేశం నాడే మొదలవుతుంది.

భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ప్లాట్లు అమ్ముతున్న వైపు వెళ్లేవారికి కూడా ఇదే సంగతి వేరే రూపంలో ఎదురవుతుంది. లేఅవుట్లలో పదిహేను శాతం ప్లాట్లు అభివృద్ధి పనులకు హామీగా తనఖాలో ఉంటాయి. రోడ్లు, కాలువలు పూర్తయ్యాకే వాటిని విడుదల చేస్తారు. మీరు బయానా ఇచ్చే ప్లాటు నంబరు ఆ జాబితాలో ఉందేమో చూసుకోండి.

కొనేముందు బిల్డరు చేతి నుంచి కాక, అనుమతి నంబరు ఆధారంగా పట్టణ ప్రణాళిక విభాగం నుంచే ప్లాను, ప్రొసీడింగ్సు రెండూ తెప్పించుకోండి. మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శి ఉంటారు, ఎలా తీసుకోవాలో అక్కడ అడగవచ్చు. ప్రొసీడింగ్సులో తనఖా పేరా దగ్గర ఆగి ఫ్లాటు నంబరు చదవండి. ఆ నంబరు మీదే అయితే, ఓసీ వచ్చి తనఖా విడుదలయ్యాకే డబ్బు ఇస్తామని చెప్పండి. మీది కాకపోయినా అంతస్తులు లెక్కపెట్టి, టేపుతో పక్క ఖాళీ కొలవండి. అరగంట పని. బిల్డరు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి.

మా కేసు ఇంకా వాయిదాల్లో ఉంది. నాలుగో అంతస్తులో రెండు కుటుంబాలు దిగాయి, పాపం వాళ్లూ డబ్బు పోసి కొనుక్కున్నవాళ్లే, మెట్ల దగ్గర కనిపించినప్పుడు ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోతున్నాం. బిల్డరు మాత్రం మాకు నాలుగు వీధుల అవతల మరో స్థలంలో పునాదులు తీయిస్తున్నాడు. అక్కడా స్టిల్టు, మూడు అంతస్తులు, ఆరు ఫ్లాట్లని బోర్డు మీద రాసి ఉంది. నిన్న ఆ దారిన వస్తూ ఆగి అడిగితే, ఒక్కో ఫ్లాటుకు అవిభక్త వాటా ఎంతో మేస్త్రీకి తెలియదు, "ఓనరుగారినే అడగండి మాస్టారూ" అన్నాడు. అక్కడ బుకింగు ఇవ్వబోతున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ ఒక్క అంకె తప్పకుండా అడగండి.