మైకు ఆటోలో ‘కొత్త దుంప’ కొనేముందు ఒక చెంబుడు నీళ్ళు తెచ్చుకోండి

అమలాపురం, అంబాజీపేట చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నవాళ్ళు ఒకసారి ఇది చదవండి. మైకు పెట్టుకుని వీధిలోకి వచ్చే ట్రాలీ ఆటోలో "ఆగ్రా కొత్త దుంప, వందకి మూడు కేజీలు" అని బంగాళాదుంపలు అమ్ముతున్నారు. నేను ఆరు కేజీలు కొన్నాను, నిండా మోసపోయాను. అవి ఎర్రమట్టి పూసిన పాత దుంపలు. పోయింది రెండు వందలే కదా, దానికింత రాయాలా అంటారేమో, ఆ మట్టి కింద ఏమున్నాయో చెప్పాక అప్పుడు అనండి.

సంగతేంటంటే, కార్తీకమాసానికి మా అక్క కూతురు డల్లాస్ నుంచి ఆరేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. వాడు కారం ముట్టడు. కంద బచ్చలి వడ్డిస్తే కంచం వైపు ఒకసారి చూసి లేచిపోయాడు. "వాడికి మ్యాష్డ్ పొటాటో చేసిపెట్టు పిన్నీ, ఏముంది అందులో, దుంపలు, వెన్న, పాలు, ఉప్పు" అంది వాళ్ళమ్మ. ఉల్లీ వెల్లుల్లీ లేవు కాబట్టి మా అత్తగారికీ అభ్యంతరం లేదు. సరిగ్గా అదే టైముకి ఆటో వచ్చింది. కొత్త దుంపేనా బాబూ అని అడిగితే "ఆయ్, మొన్న తవ్విందేనండి, మట్టి చూడండి ఇంకా ఆరలేదు" అన్నాడు. నిజంగానే ఆరలేదు. ఆ తడి ఎక్కడిదో అప్పుడే ఆలోచించాల్సింది.

కొన్న రోజు కొంచెం వేపుడు చేస్తే ముక్కలు లోపల ఉడక్కుండానే పైన నల్లబడ్డాయి. మూకుడు తప్పనుకున్నాను. మర్నాడు మ్యాష్ కోసం కేజీన్నర బకెట్లో నానేస్తే నీళ్ళు ఎర్రగా, ఇటుక పొడి కలిపినట్టు అయిపోయాయి. కొత్త దుంపకి మట్టి ఉండదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా అత్తగారు ఆ నీళ్ళలో వేలు పెట్టి రుద్ది చూసి "ఇది పొలం మట్టి కాదమ్మా, అరుగుకి పూసే జేగురు" అన్నారు. ఆవిడ అన్నాక గానీ నాకు వెలగలేదు. ఆగ్రా అంటే యమున ఒడ్డు, మన లంకల్లాగా ఒండ్రు నేల. ఒండ్రుకి అంత ఎరుపు ఎక్కడినుంచి వస్తుంది? పైగా ఆగ్రా వైపు బంగాళాదుంప విత్తేదే అక్టోబరు, నవంబరుల్లో, పెద్ద పంట తవ్వేది ఫిబ్రవరి, మార్చిలో. అంటే మనం కార్తీక దీపాలు పెట్టుకునే రోజుల్లో వాళ్ళక్కడ విత్తనం వేస్తుంటారు. ఈయన మొన్న తవ్వానంటున్నాడు!

కడిగేసరికి అసలు రూపం బయటపడింది. తొక్క మందంగా, ముడతలు పడి ఉంది. మొలకలు గిల్లేసిన చోట గుంటలు, వాటిలో జేగురు కూరుకుపోయి ఉంది. అదీ పోనీ అనుకుంటే, ఐదారు దుంపలు ఒక పక్క పచ్చగా ఉన్నాయి. నేను ఇది రాసేది అందుకే. ఎండ, వెలుతురు తగిలితే బంగాళాదుంప పచ్చబడుతుంది, ఆ పచ్చదనం ఉన్నచోట సొలనిన్ అనే విషపదార్థం కూడా పెరుగుతుంది. ఎక్కువ తింటే వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. ఉడకబెట్టినా పోదు. మామూలుగా అయితే పచ్చగా ఉన్నది కంటికి కనిపిస్తుంది, పక్కన పెట్టేస్తాం. జేగురు పూస్తే ఏం కనిపిస్తుంది? చిన్నపిల్లాడికి వండబోతున్నానన్న సంగతి తలుచుకుంటే నాకు కాళ్ళు వణికాయి. పచ్చి కూరగాయలకి రంగు పూసి అమ్మకూడదని ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది, మరి ఆటో ఆపి చూసేదెవరు.

పచ్చవి పారేసి మిగతావి కుక్కర్లో నాలుగు విజిల్స్ రానిచ్చి, టైము లేదని మిక్సీలో తిప్పాను. ఇక్కడ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. మిక్సీ బ్లేడుకి దుంపలోని కణాలు చితికి లోపలి పిండిపదార్థం అంతా బయటికి వచ్చేస్తుంది, అది పాలతో కలిస్తే సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురే. గరిటె ఎత్తితే గిన్నె కూడా లేచింది. రుచి చూస్తే తియ్యన. అత్తగారు కొంచెం నాలిక్కి రాసుకుని "చిలగడదుంప కొన్నావా ఏంటి?" అన్నారు. పిల్లాడు "ఇట్స్ క్యాండీ" అని ఉమ్మేశాడు. దాంతో వేపుడు నల్లబడటం కూడా మూకుడు తప్పు కాదని తెలిసింది. కోల్డ్ స్టోరేజీలో 2 నుంచి 4 డిగ్రీల చలిలో నెలల తరబడి ఉంటే దుంపలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారిపోతుంది. నూనెలో ఆ చక్కెరే నల్లబడుతుంది. (ఇంట్లో ఫ్రిజ్‌లో దుంపలు పెట్టేవాళ్ళు కూడా ఇదే పని చేస్తున్నారు.)

కోల్డ్ స్టోరేజీ సరుకు అమ్మడం తప్పని నేననను. వేసవి తర్వాత మన దాకా వచ్చేది చాలావరకు అదే, పాత దుంప అని చెప్పి అమ్మితే కొనుక్కుంటాం. పండించేది కంద, చేమ, పెండలం అయితే మన చేతికే తెలుస్తుంది, మనల్ని ఎవడూ మోసం చెయ్యలేడు. దీనికి పేరులోనే బంగాళా ఉంది, లారీ దిగిందాకా ఏం జరిగిందో మనకి తెలియదు.

అందుకని కొనేముందు బొటనవేలితో తొక్క మీద గట్టిగా రుద్దండి. నిజంగా కొత్త దుంపయితే పల్చటి తొక్క పొరలా లేచొస్తుంది, పూసినదైతే రంగు మాత్రం వేలికి అంటుకుని తొక్క అలాగే ఉంటుంది. ఒక దుంప నీళ్ళలో ముంచి తుడిచి చూడండి. తుడవనివ్వకపోతే కొనకండి.

ఇంకో మాట, మ్యాష్‌కి అసలు కొత్త దుంప అక్కర్లేదట! నేను కొత్తది కొత్తది అని ఎగబడటమే తెలివితక్కువ. లేత దుంపలో నీరెక్కువ, ముద్దగా అవుతుంది. బాగా ముదిరి, ఉడికితే పొడిపొడిగా విచ్చుకునేది కావాలి. ఏది ఎలాంటిదో తెలియాలంటే ఒక కప్పు ఉప్పు పదకొండు కప్పుల నీళ్ళలో కరిగించి దుంప వేస్తే, పిండి ఎక్కువున్నది మునుగుతుంది, మిగతాది తేలుతుంది. ఉప్పు దండగ అనుకోండి, కానీ నేను చేసి చూశాను, పనిచేసింది.

రెండోసారి బజారులో తెలిసిన కొట్టులో తుడిచి చూసి కేజీ దుంపలు తెచ్చాను. పెద్ద ముక్కలు కోసి, చల్లనీళ్ళలోనే ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టాను, వేడినీళ్ళలో వేస్తే పైన చితికి లోపల పచ్చిగా ఉంటుంది. చాకు దిగాక నీళ్ళు వంచేసి, అదే గిన్నెలో సన్నమంట మీద రెండు నిమిషాలు తడి ఆరనిచ్చాను. తర్వాత జంతికల గొట్టంలో కారప్పూస బిళ్ళ వేసి వేడిమీదే ఒత్తేశాను, ఎంత బాగా వచ్చిందో! గొట్టం లేకపోతే పప్పుగుత్తి చాలు, మిక్సీ మాత్రం వద్దు. ముందు వంద గ్రాముల వెన్న, అది కరిగాక వేడి పాలు గ్లాసుడు, కొంచెం కొంచెంగా. చల్లపాలు పోయకండి.

వెన్న దగ్గర కూడా చూసుకోండి. నేను కొన్న ప్యాకెట్‌ని కొట్టులో వెన్నల మధ్యలోనే పెట్టారు, ఇంటికొచ్చి చదివితే ఫ్యాట్ స్ప్రెడ్ (వెన్నలా రాసుకునే వేరే కొవ్వు పదార్థం) అని చిన్న అక్షరాల్లో ఉంది. టేబుల్ బటర్ అని అమ్మాలంటే కనీసం 80 శాతం పాలకొవ్వు ఉండాలి. ఇక ఎదురింటి వాళ్ళ దగ్గర గేదె వెన్న తెచ్చుకున్నాను. ప్యాకెట్ వెన్నయితే అందులో ఉప్పుంటుంది, మీరు వేసే ఉప్పు తగ్గించండి.

వాడు రెండు గిన్నెలు తిన్నాడు. మిగిలిన పాత దుంపల్లో పచ్చవి ఏరి పారేసి, బాగున్నవి పది రోజులు గదిలో గోనెసంచి మీద పరిచాను, అలా ఉంచితే తీపి కొంత తగ్గుతుంది, తగ్గింది కూడా. పూరీ కూరకి పనికొచ్చాయి.

తర్వాతి మంగళవారం ఆటో వచ్చినప్పుడు ఆపి అడిగాను. "మట్టిలో పెరిగే దుంపకి మట్టి ఉంటుందండి, కడిగితే పోతుందండి, దానికి నేనేం చెయ్యనండి" అని అంత మర్యాదగా సమాధానం చెప్పాడు. డబ్బులివ్వలేదు. ఇప్పుడు మైకు వినబడగానే మా అత్తగారు చెంబు పట్టుకుని అరుగు మీద కూర్చుంటున్నారు. మా ఇల్లు వచ్చేసరికి ఆటో స్పీడు పెరుగుతోంది.