హన్మకొండ గ్రాండ్ టెస్టులు: పనికొచ్చే ఒత్తిడి

హన్మకొండ నయీంనగర్‌లో ఒక కోచింగ్ కేంద్రం గ్రూప్-2 అభ్యర్థుల కోసం ఆదివారాల్లో గ్రాండ్ టెస్టులు, అంటే పూర్తిస్థాయి నమూనా పరీక్షలు, నిర్వహిస్తోంది. ఇంట్లో ఫోన్‌లో రాసే టెస్టులకూ వీటికీ ఉన్న ప్రధానమైన తేడా ఒత్తిడే. నిర్వాహకులు దాన్ని తెలిసే కల్పిస్తున్నారు, ఈ సేవకు అసలు విలువ అక్కడే ఉందని నా అభిప్రాయం.

అసలు పరీక్షలో లాగానే రెండున్నర గంటల్లో 150 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. సమయం దాటితే గేటు మూసేస్తారు. నర్సంపేట, పరకాల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవారికి కూడా మినహాయింపు ఉండదు. అరగంటకోసారి గంట కొడతారు. మూడో గంట మోగేసరికి అరచేతులకు చెమటపట్టి, ఓఎంఆర్ పత్రం మీద వృత్తం దిద్దుతున్న పెన్ను జారుతుంది. కానీ ఇంట్లో అయితే రెండుమూడు సార్లు చదివి వదిలేసే ‘జతపరచండి’ ప్రశ్నలు అక్కడ మొదటిసారికే బోధపడటం నేను స్పష్టంగా గమనించాను. అలాంటి సమయంలో విడుదలయ్యే అడ్రినలిన్ గుండె వేగాన్ని పెంచి, రక్తంలోకి గ్లూకోజును అందించి, మనిషిని అప్రమత్తం చేస్తుంది.

పరీక్షకు ముందు ఒక అధ్యాపకుడు ఈ విషయాన్నే వివరిస్తూ, దడను అణచుకోవడానికి ప్రయత్నించవద్దని, శరీరం పనికి సిద్ధమవుతోందని భావించమని చెబుతారు. ఇది ఊరికే ధైర్యం చెప్పడం కాదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకురాలు అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రశాంతంగా ఉండాలని ప్రయత్నించినవారి కంటే తమ ఆందోళనను ఉత్సాహంగా మలచుకున్నవారే ప్రసంగంలోనూ గణితంలోనూ మెరుగ్గా రాణించారు. జవాబుల వివరణను మర్నాటికి పెట్టడం కూడా మెచ్చుకోదగినదే, ఎందుకంటే అంత బిగువు తర్వాత ఒక రాత్రి నిద్ర అవసరం.

నాకు నచ్చనిది ర్యాంకుల జాబితా. అదే సాయంత్రం అందరి పేర్లూ మార్కులతో సహా వాట్సాప్ గ్రూపులో పెడతారు. మా వరుసలో కూర్చునే ఒక అమ్మాయి, తన పేరు పదేపదే అడుగున కనిపించడంతో రావడమే మానేసింది. మనస్తత్వవేత్తలు యెర్క్స్, డాడ్సన్ 1908లో ఎలుకలకు తప్పు చేసినప్పుడల్లా విద్యుత్ షాకు ఇస్తూ చేసిన ప్రయోగంలో, తేలికైన పనిని అవి షాకు పెరిగే కొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. కష్టమైన పనికి మాత్రం మధ్యస్థమైన షాకే మేలు చేసింది. గ్రూప్-2 ఏ రకంగానూ తేలికైన పని కాదు. గేటు, గడియారం, గంట కలిగించే ఒత్తిడి పరీక్షతోనే ముగుస్తుంది. జాబితా కలిగించేది వారమంతా వెంటాడుతుంది.

రుసుము కాస్త ఎక్కువే అయినా, సిలబస్ ఒకసారి పూర్తి చేసినవారు నిస్సంకోచంగా చేరవచ్చు. ఎవరి మార్కులు వారికే పంపమని నిర్వాహకులను లిఖితపూర్వకంగా కోరాను.